గాలి ఎటు వీస్తే అటు: కోరంగి నుంచి పులికాట్ దాకా సైకిల్ ప్లాన్

జనవరి నెలాఖరులో కాకినాడ పక్కన కోరంగి మడ అడవుల దగ్గర మొదలుపెట్టి, కొల్లేరు చూసుకుని, కృష్ణ దాటి, నెల్లూరు మీదుగా నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు దాకా సైకిల్ మీద పోదామని ప్లాన్ వేస్తున్నా. అంతా కలిపితే ఆరు వందల యాభై కిలోమీటర్లు, అటూ ఇటూ. ఈ మాట బయటపెట్టాక మా అనంతపురంలో రెండు రకాల జవాబులొచ్చాయి. మా వీధి చివర సైకిల్ షాపాయన "ఏమప్పా, ఈడ తాగేకే నీళ్లు లేక చస్తాంటే, నీళ్లు చూసేకి అంత దూరం పోతావా, తిక్క గానీ పట్టిందా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, నవ్వి ఊరుకున్నా. నాతో పాటు పొద్దున్నే తొక్కే మిత్రులు మాత్రం "ఓస్, అంతా చదునే కదా, కళ్లు మూసుకుని పోవచ్చు" అన్నారు. ఈ రెండో మాట మీదే నాకు పేచీ ఉంది, ఇదంతా రాస్తున్నది కూడా అందుకే.

చదును దారి సులువని అనుకునేది కొండల్లో తొక్కేవాళ్లే. ఎక్కుడు ఉన్నచోట దిగుడు కూడా ఉంటుంది. ఊపిరాడకుండా పైకి తొక్కాక అవతల వైపు రెండు మూడు కిలోమీటర్లు పెడల్ ముట్టకుండా జారిపోవచ్చు, నడుము లేపి నిలబడొచ్చు, చేతులు విదిలించుకోవచ్చు. చదును నేల మీద ఆ సౌకర్యం లేదు. తొక్కడం ఆపితే సైకిల్ ఆగిపోతుంది, అంతే. పొద్దున ఆరింటికి ఏ భంగిమలో కూర్చున్నామో మధ్యాహ్నం పన్నెండింటికీ అదే భంగిమ, అదే కండరం, సీటు మీద అదే చోట బరువు. కాళ్ల కంటే ముందు పిర్రలు, అరచేతులు, మెడ మొరాయిస్తాయి. ప్రతి అరగంటకీ అవసరం లేకపోయినా లేచి నిలబడి పది తొక్కులు తొక్కాలి, హ్యాండిల్ మీద చేతుల చోటు మార్చాలి. ఇప్పటి నుంచే అది అలవాటు చేసుకుంటున్నా.

అసలు కష్టం గాలి. ఈ సంగతి మన జిల్లా వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆషాఢంలో తాడిపత్రి నుంచి అనంతపురానికి తిరిగి తొక్కినవాడికి ఎదురుగాలి అంటే ఏంటో బాగా తెలుసు. గాలి అడ్డగింపు వేగానికి వర్గంలో పెరుగుతుందని స్కూల్లో చదువుకున్నాం, రోడ్డు మీదకొస్తే దాని అర్థం ఏంటంటే, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఎదురుగా ఇంకో 20 వేగంతో గాలి కొట్టిందనుకోండి, ఒంటికి తగిలే గాలి 40, దాని ఒత్తిడి మాత్రం రెండింతలు కాదు, నాలుగింతలు. కొండైతే ఎక్కడో ఒకచోట శిఖరం కనిపిస్తుంది, అక్కడికి అయిపోతుందని మనసుకు తెలుసు. చెట్టూ చేమా లేని చెరువు గట్ల మీద వచ్చే గాలికి అలాంటి చివరంటూ ఉండదు.

కాబట్టి మ్యాప్ తెరవకముందే గాలి ఎటు వీస్తుందో చూసుకున్నా. మన కోస్తాలో ఈశాన్య రుతుపవనాల కాలంలో, ఆ తర్వాత జనవరి దాకా, గాలి ఎక్కువగా ఈశాన్యం వైపు నుంచి వస్తుంది. కాకినాడ నుంచి బాపట్ల, చీరాల దాకా తీరం నైరుతికి వాలుతూ పోయి, అక్కడి నుంచి నిటారుగా దక్షిణానికి తిరుగుతుంది. అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి పోయేవాడికి గాలి వెనక నుంచి గానీ, ఎడమ భుజం వెనక నుంచి గానీ తగులుతుంది. మనకు దగ్గర కదా అని పులికాట్ దగ్గర మొదలుపెట్టి పైకి పోతే అంతే దూరం, అవే ఊళ్లు, శ్రమ మాత్రం రెట్టింపు. అనంతపురం వాడికి సూళ్లూరుపేట దగ్గర, కాకినాడ దూరం, అయినా సరే రైలెక్కి కాకినాడ పోయే మొదలుపెట్టాలి. ఫిబ్రవరి ముదిరితే గాలి మెల్లగా ఆగ్నేయానికి, దక్షిణానికి తిరగడం మొదలవుతుంది, అప్పుడు ఈ లెక్కంతా తలకిందులు.

నెల కూడా దీన్ని బట్టే తేలింది. నవంబర్ వద్దే వద్దు. 1839 నవంబర్‌లో వచ్చిన తుపాను కోరంగి రేవును తుడిచిపెట్టేసింది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచేసిన ఉప్పెన సంగతి మన పెద్దవాళ్లను అడిగితే ఇప్పటికీ చెప్తారు. నేను పోయే దారి ఆ సీమలోని అవనిగడ్డ మీదుగానే. డిసెంబర్ మొదట్లో కూడా వాయుగుండాల టెన్షన్ ఉంటుంది. సంక్రాంతికి అటు వైపు పోవాలనుకోవడం ఇంకో తెలివితక్కువ పని. భీమవరం చుట్టుపక్కల కోడిపందేల జనంతో లాడ్జీల్లో మంచం కూడా దొరకదు, రోడ్డు మీద కార్లు ఎలా పోతాయో చెప్పనే అక్కర్లేదు. పండగ అయిపోయి ఊళ్లు ఖాళీ అయ్యాక, గాలి ఇంకా తిరగకముందు, అంటే జనవరి మూడో వారం దాటాక. పక్షుల లెక్క కూడా దీనికి సరిపోతుంది. నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) అక్టోబర్ నుంచి గూళ్లు కడతాయి, జనవరి చివరికి పిల్లలు రెక్కలు విదిలించే వయసుకొచ్చి ఉంటాయి. పులికాట్‌లో వానలు బాగా పడి నీళ్లు నిండుగా ఉంటే ఫ్లెమింగోలు ఒడ్డు దగ్గర నిలవవు. వాటికి మోకాలి లోతు నీళ్లు కావాలి, అందుకే నీరు కాస్త తీశాకే చూడటం మేలు. సూళ్లూరుపేటలో ప్రభుత్వం వాళ్లు చేసే పక్షుల పండగ కూడా చలికాలంలోనే వస్తుంది, ఆ తేదీలు తెలిశాక అటు జరగాలో ఇటు జరగాలో చూసుకోవాలి. పక్షుల కంటే మనుషులు ఎక్కువగా ఉన్న రోజు నాకొద్దు.

ఇక దారి. బెంగళూరు నుంచి భువనేశ్వర్ పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మన అనంతపురం, గుంతకల్లు, నంద్యాల మీదుగానే పోతుంది. సామర్లకోటలో దిగితే కాకినాడ పక్కనే. సైకిల్‌ను లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో వేయించాలి. దానికి టికెట్ చూపించి పార్సిల్ ఆఫీసులో ముందుగా కాగితం పని చేయించుకోవాలి, రైలు వచ్చే టైముకి పోతే కుదరదు. పెడళ్లు ఊడదీసి, గేర్ల దగ్గర గోనెసంచి చుట్టి, పేరూ, దిగే స్టేషనూ అట్టముక్క మీద రాసి రెండు చోట్ల కట్టాలి, ఒకటి ఊడిపోయినా ఇంకోటి ఉంటుంది.

కాకినాడ నుంచి ఒంగోలు దాకా పట్టుకోవాల్సిన దారి 216 నంబరు జాతీయ రహదారి. కత్తిపూడిలో మొదలై కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలులో కలిసే ఈ రోడ్డు సముద్రానికి దగ్గర దగ్గరగా పోతుంది. లారీల పోటు 16వ నంబరు హైవే అంత ఉండదు. కోరంగి అభయారణ్యం దీన్ని ఆనుకునే ఉంది. 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. మడ చెట్ల మధ్యలో చెక్కల దారి వేశారు, దాని మీద సైకిల్ పనికిరాదు, బయట తాళం వేసి నడవాలి. నీటికుక్కలు, చేపలు పట్టుకుని తినే బావురుపిల్లి ఇక్కడున్నాయి గానీ పట్టపగలు మనకోసం వచ్చి నిలబడతాయని ఆశ పెట్టుకోకూడదు. నీళ్లు తీసినప్పుడు పోతే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు, వాటి మధ్య పాకే పీతలు కనిపిస్తాయి, పోటు వచ్చినప్పుడు ఇవన్నీ మునిగిపోయి ఉంటాయి. అందుకే అక్కడికి చేరే టైము కూడా ఆటుపోట్ల పట్టిక చూసి పెట్టుకుంటా.

అక్కడి నుంచి యానాం, గౌతమి మీద బాలయోగి వంతెన, అమలాపురం, కొబ్బరితోటలు. ఈ ముక్క గురించి పెద్దగా రాయను, అందరికీ తెలిసిన కోనసీమే, నీడ దొరికే చోటు కూడా ఇదొక్కటే. సఖినేటిపల్లి దగ్గర పంటు (గోదావరి దాటించే పడవ) నడుస్తుంటే సైకిల్ దాని మీద ఎక్కించుకుని నరసాపురంలో దిగుతా, లేదంటే చించినాడ వంతెన ఉండనే ఉంది.

నరసాపురం నుంచి హైవే వదిలేసి భీమవరం, ఆకివీడు మీదుగా కైకలూరు చేరాలి. కొల్లేరు అక్కడ. కృష్ణా గోదావరి డెల్టాల మధ్యలో పళ్లెంలా ఉన్న పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు లాంటివి వచ్చి పడతాయి, ఎక్కువైన నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ చిత్తడి నేలల) జాబితాలోకి ఎక్కింది. కాగితం మీద 308 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద అని ఎందుకంటున్నానంటే, పోయినవాడికి ముందు కనిపించేది సరస్సు కాదు, చేపల చెరువులు, వాటి గట్లు, మళ్లీ చెరువులు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ గట్లు చాలావరకు కొట్టేశారు, తర్వాత మళ్లీ లేచినవీ ఉన్నాయి. ఇందులో తప్పెవరిదని తేల్చేంత అక్కడి బతుకు నాకు తెలియదు. నేను చూసింది ఒకటే, ఒక పెళ్లికి పోయి వస్తూ కైకలూరు దగ్గర ఆగినప్పుడు ఆటపాక పక్షుల కేంద్రం గట్టు మీద నిలబడ్డా. గూడబాతు గూట్లోకి దిగేటప్పుడు ఆ పెద్ద రెక్కల చప్పుడు దుప్పటి దులిపినట్టు వినిపిస్తుంది. పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేప తీసుకుంటుంది, ఒక్కోసారి మెడ దాకా లోపలికి పోతుంది, చూసేవాడికి తల్లి పిల్లను మింగేస్తోందేమో అనిపిస్తుంది. వాసన కూడా ఉంటుంది, దాచడం దేనికి.

కొల్లేరులో సైకిల్‌కు రెండు గండాలు. ఒకటి చేపల లారీలు. ఐసు కరిగి కారే నీళ్లు రోడ్డు మీద పడి జిగటగా జారుతుంది, మలుపుల్లో బ్రేకు గట్టిగా పట్టకూడదు. రెండోది గట్ల మీద మట్టి. మన ఎర్రనేలలో వాన పడ్డా గంటలో ఆరిపోతుంది, గరుకుగా ఉంటుంది, చక్రం జారదు. ఉరవకొండ వైపు రేగడిలో వానాకాలం తొక్కినవాళ్లకు మాత్రం ఈ బాధ తెలుసు. నల్లమట్టి టైరుకు అంటుకుని, చక్రం తిరిగేకొద్దీ పొర మీద పొర పేరుకుని, మడ్‌గార్డ్‌కూ టైరుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని బిగించేస్తుంది. పుల్లతో గీకి పది అడుగులు పోతే మళ్లీ అదే. అందుకే మడ్‌గార్డ్‌లు ఊడదీసేస్తున్నా, వాన పడిన మర్నాడు గట్టు ఎక్కను, తారు రోడ్డు దిగను.

తాగే నీళ్ల సంగతి మర్చిపోవద్దు. ఎటు చూసినా నీళ్లే, తాగడానికి పనికొచ్చేది మాత్రం క్యాన్లలో కొనుక్కునేదే. కొల్లేరు ఊళ్లలో జనం కూడా క్యాను నీళ్లే కొనుక్కుంటారు. పులికాట్ వైపు అయితే ఉప్పునీరు. మూడు లీటర్లు ఎప్పుడూ సైకిల్ మీద ఉండాలి, ఒక సీసా ఖాళీ అయిన చోటే నింపుకోవాలి, ముందు ఊళ్లో చూద్దాం అనుకోకూడదు. తిండికి బెంగ లేదు, కోస్తాలో ఏ సెంటర్‌లో ఆగినా పొద్దున ఇడ్లీ, పెసరట్టు దొరుకుతాయి. మన ఉగ్గాణి బజ్జీ దొరకదు, అంతే. సంచిలో బుడ్డలు (వేరుశనగలు), బెల్లం ఎలాగూ ఉంటాయి. ఎనర్జీ బార్ల పేరుతో డబ్బులు పోసి కొనే వాటిలో ఉండేది కూడా చాలావరకు ఇవే.

మచిలీపట్నం, అవనిగడ్డ, పులిగడ్డ వారధి మీద కృష్ణ దాటి రేపల్లె, అక్కడి నుంచి ఒంగోలు దాకా ముందు చెప్పిన రోడ్డే. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా పెద్ద హైవే, నాకు దాని మీద ఏ మోజూ లేదు, కాళ్లు బాగుంటే తొక్కుతా, లేకపోతే ప్యాసింజర్ ఎక్కేస్తా. ఇది పరీక్ష కాదు. నెల్లూరులో మాత్రం పెన్న వంతెన మీద కాసేపు ఆగాలని ఉంది. తాడిపత్రి దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకగా కనిపించే మన పెన్నే అది.

నేలపట్టు దొరవారిసత్రం దగ్గర, హైవేకు కొంచెం లోపలికి. 1976లో ప్రకటించిన చిన్న రక్షిత ప్రాంతం, 459 హెక్టార్లలోపే. చెరువు నీళ్లలోనే నిలబడి పెరిగే బారింగ్టోనియా చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు కిక్కిరిసి గూళ్లు కడతాయి. రెట్టలు పడిన ఆ చెరువు నీళ్లు పొలానికి పారితే ఎరువు వేసినట్టే అని ఊరివాళ్ల నమ్మకం, అందుకే పక్షుల జోలికి ఎవర్నీ రానివ్వరు. మన వైపు చిలమత్తూరు దగ్గర వీరాపురంలో కూడా ఇంతే కదా, ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీద పిల్లల్ని పెడితే ఆ చెట్టుకు చింతకాయ కోయడానికి కూడా వెనకాడతారు. ఇంతదూరం పోవడం కుదరనివాళ్లు ముందు వీరాపురం పోయి రండి, నిజంగా చెప్తున్నా.

పులికాట్ చివరి మజిలీ. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు ఈ సరస్సు మధ్యలోంచే పోతుంది, అటూ ఇటూ నీళ్లు, నడి ఎండలో ఒక్క చెట్టు నీడ ఆశించొద్దు. అవతల చివర షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు, పాస్ లేనివాళ్లు అక్కడే వెనక్కి తిరగాలి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు బండ్ల రద్దీ, పోలీసులు, కాబట్టి ఇస్రో తేదీలు కూడా చూసుకోవాలి. ఇక్కడ మళ్లీ గాలి లెక్కే. ఈ రోడ్డు తూర్పుకు పోతుంది. తెల్లవారుజామున సముద్రపు గాలి ఇంకా లేవదు, ఆ టైములో తూర్పుకు పోయి, ఎండెక్కి సముద్రం నుంచి గాలి మొదలయ్యాక పడమటికి తిరిగితే అది వీపు మీద చెయ్యేసి తోస్తుంది. పొద్దెక్కాక బయల్దేరినవాడికి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేసరికి కాళ్లలో జీవం ఉండదు.

ఫ్లెమింగో తినే తీరు చూడాలంటే బైనాక్యులర్ ఉండాలి. తల పూర్తిగా తిరగేసి, పైముక్కు కిందికి వచ్చేలా నీళ్లలో పెట్టి, కాళ్లతో బురద తొక్కుతూ ఉంటుంది. నీళ్లు లోపలికి లాగి, నాలుకతో బయటికి తోసేస్తుంటే ముక్కు అంచున ఉన్న సన్నటి పళ్ల వరసలో చిన్న రొయ్యలు, నాచు చిక్కుకుంటాయి. ఆ తిండిలోంచే దాని రెక్కలకు గులాబీ రంగు. ఇంకొక చిన్న మాట, సైకిల్ మెల్లగా పోతున్నంతసేపూ పక్షులు పెద్దగా పట్టించుకోవు, మనం ఆగి, కాలు కింద పెట్టి, కెమెరా తీస్తే చాలు గుంపంతా జరిగిపోతుంది. కాబట్టి దూరంగానే ఆగి అక్కడే నిలబడాలి.

సామాన్ల గురించి రెండు ముక్కలు. టైరు వెడల్పు 35 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. సన్న ముక్కు వాల్వ్ ఉన్న ట్యూబులైతే పల్లెటూరి పంక్చర్ షాపు పంపు పట్టదు, ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకుంటే బైకులకు గాలి కొట్టే గొట్టంతోనే పని అయిపోతుంది. దాని ఖరీదు తక్కువే, లేకపోతే పోయేది ఒక రోజు. జాలి (తుమ్మ) ముళ్లు మనకే సొంతం కాదు, పులికాట్ ఒడ్డునా ఉన్నాయి, ట్యూబులు ఎక్కువే పెట్టుకుంటా. ఉప్పు గాలికి చైను రెండు రోజుల్లో తుప్పు పడుతుంది, సాయంత్రం గుడ్డతో తుడిచి ఆయిల్ వేసే పడుకోవాలి. డెల్టాలో పొద్దున ఎనిమిది దాకా మంచు కమ్ముకుని ఉంటుంది, వెనక ఎర్రలైటు లేకుండా రోడ్డెక్కకూడదు.

గేర్లు కావాలా అని ఒకబ్బాయి అడిగాడు. ఎక్కువ అక్కర్లేదు. అక్కడి జనం మామూలు అట్లాస్ సైకిల్ మీద గడ్డిమోపులు, పాలక్యాన్లు వేసుకుని తొక్కేస్తుంటారు. మనలాంటి పట్నం కాళ్లకు ఎదురుగాలి రోజు కోసం ఒకటి రెండు తేలిక గేర్లు ఉంటే చాలు.

ప్రాక్టీసుకు కొండలు మానేశా. పొద్దున్నే బుక్కరాయసముద్రం మీదుగా శింగనమల చెరువు దాకా, ఆగకుండా, ఒకే వేగంతో, తిరిగొచ్చేటప్పుడు ఎటు గాలి ఉంటే అటే. వచ్చే నెలలో రామగిరి వైపు కూడా పోవాలి.

తిరుగు ప్రయాణానికి సూళ్లూరుపేటలో రైలెక్కి గూడూరు, రేణిగుంట, అక్కడి నుంచి కడప, గుంతకల్లు వైపు బండి. రేణిగుంటలో సైకిల్‌ను ఒక రైల్లోంచి దించి ఇంకో రైల్లో వేయించాలి, ఎక్కువ టెన్షన్ పెట్టేది నాకు ఆ ఒక్క పనే, గాలి కూడా కాదు. ఎవరైనా ఆ స్టేషన్‌లో ఈ పని చేయించి ఉంటే ఎంత టైము చేతిలో పెట్టుకోవాలో చెప్పండి. కలిసి వస్తామనేవాళ్లు గుత్తి, తాడిపత్రి, ధర్మవరం ఎక్కడివాళ్లైనా సరే, సంక్రాంతి లోపల ఒకసారి శింగనమల కట్ట దాకా తొక్కి చూద్దాం. సొంతంగా పంక్చర్ వేసుకోవడం వచ్చి ఉండాలి, పొద్దున నాలుగున్నరకు లేవాలి, స్పీకర్‌లో పాటలు పెట్టకూడదు.